అరెస్టు నుంచి విడుదల దాకా: హెచ్‌ఐవీ సోకకుండా, మందు ఆగకుండా చూసుకోవడం ఎలా?

చిత్తూరు జిల్లా జైలుకో, తిరుపతి సబ్ జైలుకో ఇంట్లో మనిషి వెళ్లాడంటే మిగతావాళ్ల హైరానా అంతా లాయరు గురించి, షూరిటీల గురించి, డబ్బు గురించే ఉంటుంది. ఒంటి సంగతి ఎవరికీ గుర్తుండదు. లోపలికి వెళ్లినవాడికి కూడా ఉండదు. ఆరోగ్యం మాట ఎవరైనా ఎత్తితే, "ముందు బయటికి రానీ, తర్వాత చూద్దాం" అంటారు. హెచ్‌ఐవీ విషయంలో ఆ "తర్వాత" చాలా ఖరీదవుతుంది.

మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు సుమారు 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఎక్కువే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 నిఘా సర్వేలో సెంట్రల్ జైళ్ల ఖైదీల్లో అది 1.93 శాతంగా తేలింది. బయటితో పోలిస్తే తొమ్మిది పది రెట్లు. జైలు గోడల్లో వైరస్ ఉందని కాదు దీని అర్థం. బయట పరీక్షకు ఎన్నడూ పోనివాళ్లు, సూదిమందు మత్తుకు అలవాటుపడ్డవాళ్లు, ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా బతికినవాళ్లు, పోలీసు భయంతో ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు అక్కడ ఒకచోట చేరతారు. కొందరికి జీవితంలో మొదటి రక్తపరీక్ష జరిగేది జైల్లోనే.

నన్నడిగితే బ్యారక్‌లో కంటే గేటు దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. లోపలికి పోయేటప్పుడు మందు ఆగిపోతుంది. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చేటప్పుడు కాగితాలు వెనకబడిపోతాయి. బెయిల్ మీద బయటికొచ్చిన రాత్రి చేతిలో మాత్రలుండవు. అందుకే ఈ మూడు చోట్ల ఏం చేయాలో కాస్త విడమరిచి చెప్తాను. మీరే కేసులో ఉన్నా, మీ ఇంటి మనిషి లోపల ఉన్నా ఇవి పనికొస్తాయి.

అరెస్టు రోజే చెప్పాల్సిన మాట

అరెస్టయినవాళ్లను వెంటనే డాక్టరుకు చూపించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. పోలీసులు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, గాయాలున్నాయా లేవా రాయించుకుని, కాగితం పట్టుకుని వచ్చేస్తారు. చాలాసార్లు రెండు నిమిషాల్లో అయిపోతుంది. మీరు ఇప్పటికే ఏఆర్‌టీ మందు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే రోజువారీ మాత్ర, వాడుతుంటే ఆ రెండు నిమిషాలు వదులుకోవద్దు.

పక్కనే కానిస్టేబులు నిలబడి ఉంటాడు కాబట్టి నోరు రాదు, నిజమే. రోగం పేరు ఎత్తక్కర్లేదు. "రోజూ వేసుకునే మందు ఒకటుంది సార్, ఒక్క రోజు కూడా ఆపకూడదు. పేరు మీకొక్కరికే చెప్తాను" అనండి. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పుడు కూడా ఇదే మాట చాలు. నిండు కోర్టులో జబ్బు పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. జైల్లో చేరేటప్పుడు జైలు డాక్టరు మరోసారి చూస్తారు. అసలు సంగతంతా ఆయనకు చెప్పాలి: ఏ సెంటర్లో పేరు నమోదైంది, ఏఆర్‌టీ నంబరు ఎంత, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. నంబరు నోటికి రాకపోతే సెంటరు పేరు, మీ పేరు, వయసు చెప్పండి. రికార్డులో వెతికి పట్టుకుంటారు.

ఇంట్లో భార్యకు కూడా తెలియకుండా మందు వాడుతున్నవాళ్లు ఉంటారు. వాళ్లు కూడా జైలు డాక్టరు దగ్గర దాచకూడదు. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడం తప్పు. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. కింద ఇంకా చాలాసార్లు దాని దగ్గరికే వస్తాం.

పరీక్ష చేయించుకోండి, కానీ ఒప్పుకుని చేయించుకోండి

జైల్లో ఐసీటీసీ వాళ్లు, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం వాళ్లు, వచ్చి హెచ్‌ఐవీతో పాటు సుఖవ్యాధులకు, టీబీకి, కామెర్ల వైరస్‌లకు పరీక్షలు చేసే శిబిరాలు పెడుతుంటారు. శిబిరం కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు, మీరే జైలు డాక్టరును అడగొచ్చు. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ హెచ్‌ఐవీ నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స పొందే హక్కు ఉందని ఆ చట్టం 31వ సెక్షన్ రాసిపెట్టింది. శిక్ష పడినవాళ్లకే కాదు, రిమాండులో ఉన్నవాళ్లకు, ప్రభుత్వ హోముల్లో ఉన్న ఆడవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

అయితే వరసలో నిలబెట్టి అందరికీ రక్తం తీసేయడం కుదరదు. మీ సమ్మతి కావాలి, ముందూ తర్వాతా కౌన్సెలరు మాట్లాడాలి. కోర్టు ఉత్తర్వు ఉంటే సంగతి వేరు. పోలీసు చెప్పాడని పరీక్ష చేయకూడదు. వద్దనే హక్కు మీకుంది. నా సలహా మాత్రం సరే అనమనే. లేదని తేలితే గుండె మీది బరువు దిగుతుంది. ఉందని తేలితే మందు ఆ వారంలోనే మొదలవుతుంది. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతుందో చూడకుండానే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స ఇస్తున్నారు.

ఒక్క పరీక్షతో పాజిటివ్ అని ఎవరూ చెప్పరు. మూడు వేరువేరు కిట్లతో చూసి నిర్ధారిస్తారు. అలాగే ఒక్క నెగెటివ్‌తో నిశ్చింతగా ఉండిపోవడమూ కుదరదు. వైరస్ సోకాక పరీక్షలో బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అరెస్టుకు ముందు నెలల్లో కండోమ్ లేకుండా కలయిక జరిగి ఉంటే, సూది పంచుకుని ఉంటే, 3 నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. ఆ రెండో తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఈలోపు వేరే జైలుకు మారిస్తే అక్కడి డాక్టరుకు ఆ తేదీ మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు.

చిత్తూరు జిల్లాకు ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడే కూలీల్లో చాలామంది తిరువణ్ణామలై, వేలూరు వైపు కొండ ఊళ్లవాళ్లు. వాళ్లకు తెలుగులో చెప్పి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు. తమిళంలో చెప్పే మనిషిని అడగండి. మన జిల్లాలో తమిళం వచ్చినవాళ్లకు కరువేమీ లేదు. పక్క బ్యారక్ ఖైదీ చేత మాత్రం చెప్పించొద్దు, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

మాత్ర ఆగకుండా చూసుకోవడం

మందు సరిగ్గా వాడే మనిషికి రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్నవాళ్ల నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి హెచ్‌ఐవీ సోకదు. కాబట్టి ఒక్కరి మాత్ర ఆగకుండా చూడటం అంటే, ఆ మనిషినీ, బయటికొచ్చాక ఆయన భార్యనూ, పుట్టబోయే బిడ్డనూ కాపాడటమే. నివారణ అనగానే అందరికీ కండోమ్ గుర్తొస్తుంది. జైలు దాకా వచ్చేసరికి నేను మాత్రనే ముందు పెడతాను.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. డబ్బాలో 30 ఉంటాయి. మీ మనిషి మందు వాడుతున్నాడని మీకు తెలిస్తే, అరెస్టైన మర్నాడే ఇంట్లో ఉన్న డబ్బా, ఏఆర్‌టీ బుక్కు తీసుకోండి. బుక్కు జిరాక్సు తీసి, అసలు ఇంట్లోనే ఉంచండి. డబ్బా మీది లేబుల్ చింపొద్దు, మాత్రలు విడిగా పొట్లం కట్టొద్దు. పొట్లం కట్టిన మాత్రలను గేటు దగ్గర ఎవరూ లోపలికి పోనివ్వరు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు. లేబుల్ ఉన్న డబ్బా, జిరాక్సు ఒక కవరులో పెట్టి, జైలు డాక్టరుకు అందజేయమని జైలు ఆఫీసులో ఇవ్వండి. కవరు మీద "మందులు, డాక్టరు గారికి" అని రాస్తే చాలు.

మనిషి పేరు తిరుపతి రుయా ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్లోనో, చిత్తూరు జిల్లా ఆసుపత్రి సెంటర్లోనో ఉంటే పని సులువు. వేలూరులోనో, కోలారులోనో ఉంటే అక్కడికి ఫోన్ చేసి ట్రాన్స్‌ఫర్ అడగాలి. రాష్ట్రం దాటినా ఇది కుదురుతుంది. ట్రాన్స్‌ఫర్ కాగితం వచ్చేదాకా మందు ఇవ్వం అని ఎవరైనా అంటే, 1097కు ఫోన్ చేయండి. నాకో వాళ్ల ఉచిత హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు.

ఆ తర్వాత ప్రతి ములాఖత్‌లో ఒకే ప్రశ్న అడగాలి. చుట్టూ పది కుటుంబాలు అరుస్తుంటాయి, జాలీ అవతల మనిషి మొహం కూడా సరిగ్గా కనిపించదు. "మందు వేసుకుంటాండావా?" అంటే ఎవడైనా "వేసుకుంటాండా" అనే అంటాడు. "ఎన్నుండాయి?" అని అడగండి. "ఎనిమిది" అన్నాడంటే వారం రోజులు టైముంది. "రెండు" అన్నాడంటే ఆ రోజే జైలు ఆఫీసుకు వెళ్లి చెప్పాలి. మాత్రలు తన దగ్గర కాకుండా జైలు ఆసుపత్రిలో పెట్టి రోజూ ఇస్తుంటే, "నిన్న ఇచ్చినారా, మొన్న ఇచ్చినారా?" అని అడగండి.

మందు తెచ్చే రోజు ఎస్కార్ట్ దొరకక ఏఆర్‌టీ సెంటరుకు తీసుకెళ్లడం వాయిదా పడుతుంటుంది. బందోబస్తు ఉన్న రోజుల్లో మరీను. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతి చుట్టుపక్కల ఖైదీ వెంట పంపడానికి కానిస్టేబుళ్లు దొరకడం కష్టమే. ముందే జాగ్రత్తపడొచ్చు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది, దాన్ని అడగండి. జైలు సిబ్బందే వెళ్లి మందు తీసుకొచ్చేలా జైలు డాక్టరు చేత లెటరు రాయించమనండి. అప్పటికీ కాకపోతే లాయరు ద్వారా కోర్టులో మెమో వేయించడమే మార్గం.

మందు వాడేవాళ్లు లోపల గమనించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. జైలు భోజనం పడక కడుపు మంటంటే జెలుసిల్ లాంటి యాంటాసిడ్ ఇస్తారు. అది డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి యాంటాసిడ్ తాగండి, లేదా అది తాగాక 6 గంటలు ఆగి మాత్ర వేసుకోండి. ఖాళీ కడుపున ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకున్నా ఇంతే. టీబీ అని తేలి రిఫాంపిసిన్ ఉన్న మందు మొదలుపెడితే, డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. రెండు మందులూ ఒకే డాక్టరు రాయకపోతే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఎవరు ఏ కొత్త మందు ఇచ్చినా "నేను ఏఆర్‌టీలో ఉన్నాను, కలిపి వేసుకోవచ్చా?" అని అడగండి. ఇక దగ్గు, జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటున్నా రెండు వారాలు చూద్దాంలే అనుకోవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఒక్కరోజు దగ్గయినా టీబీ పరీక్ష చేయాల్సిందే.

రోజులో ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. అరెస్టు గొడవలో పది రోజులో, నెలో ఆగిపోయిందా? మళ్లీ మొదలుపెట్టండి. "ఎట్లాగూ ఆగిపోయింది కదా" అని వదిలేసినవాళ్లకే ప్రమాదం. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లయితే టీఎల్‌డీ ఉన్నట్టుండి ఆపినప్పుడు లివర్ దెబ్బతినే ముప్పుంది.

లోపల ఎలా సోకుతుంది, ఎలా సోకదు

పక్కన పడుకుంటే రాదు. ఒకే పళ్లెంలో తింటే, ఒకే మరుగుదొడ్డి వాడితే, దోమ కుడితే రాదు. ఇది జైల్లో గట్టిగా చెప్పాల్సిన మాట. ఎందుకంటే ఒకరికి హెచ్‌ఐవీ ఉందని తెలియగానే విడి గదిలో పెట్టమని తోటి ఖైదీలే గొడవ చేస్తారు. అలా వేరుచేయడం వివక్షేనని 2017 చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. వేరు చేసిన బ్యారక్‌ను చూశాక మిగతావాళ్లలో పరీక్షకు ఎవరు ముందుకొస్తారు?

సూదిమందు మత్తు ఒకే సిరంజితో ఎక్కించుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. 2021 సర్వేలోనే సూదిమందు అలవాటున్నవాళ్లలో హెచ్‌ఐవీ 9 శాతం దాకా ఉంది. మన వైపు గంజాయి కేసులే ఎక్కువ, సూది తక్కువ. అయినా అలవాటున్నవాడు లోపలికి వస్తే జైలు డాక్టరుకు చెప్పాలి. సూది మత్తు మానడానికి నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర చికిత్స ఉంది, దానికి ఏర్పాటు అడగొచ్చు. బయటివాళ్లకు 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్.

పచ్చబొట్టు సంగతికొస్తే, కుట్టుసూదితో, పెన్ను సిరాతో, ఒకరి తర్వాత ఒకరికి పేర్లు పొడుస్తారు. ప్రియురాలి పేరో, దేవుడి బొమ్మో. సూది మార్చినా సిరా మూత ఒకటే అయితే ఆ రక్తం అందులోకే వెళ్తుంది. వద్దని చెప్పడమే మంచిది. గడ్డం బ్లేడు కూడా ఎవరిది వారికే ఉండాలి. మంగలి పనికి కూర్చోబెడితే కొత్త బ్లేడు వేయమని అడగండి. నిజం చెప్పాలంటే బ్లేడుతో హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ బి ముప్పే ఎక్కువ. హెచ్‌ఐవీ ఒంటి బయట ఎక్కువసేపు నిలవదు, హెపటైటిస్ బి వైరస్ వారం దాకా బతుకుతుంది. దానికి టీకా ఉంది, మూడు డోసులు. మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జైల్లో వేస్తారా అని అడగండి.

ఇక మాట్లాడటానికి అందరూ మొహం తిప్పుకునేది మగవాళ్ల మధ్య కలయిక. జరగదని అనుకుంటే సరిపోదు, జరుగుతుంది. కొన్నిసార్లు ఇష్టంతో, కొన్నిసార్లు బీడీకట్టకు, ఫోన్ కాల్‌కు, రక్షణకు బదులుగా, కొన్నిసార్లు బలవంతంగా. మలద్వారం ద్వారా కండోమ్ లేకుండా జరిగే కలయికలో హెచ్‌ఐవీ సోకే అవకాశం మిగతా కలయికల కంటే ఎక్కువ. మన జైళ్లలో కండోమ్‌లు పంచే అలవాటు మామూలుగా లేదు. ఇస్తే తప్పును ఒప్పుకున్నట్టవుతుందని అధికారుల భయం. నా దృష్టిలో ఆ భయానికి అర్థం లేదు. హెచ్‌ఐవీ ముప్పు తగ్గించే ఏ పద్ధతైనా నేరం కాదని అదే చట్టం 22వ సెక్షన్ చెబుతోంది కదా. కండోమ్ దొరకని చోట చెప్పగలిగింది ఇంతే: ఒప్పుకోకండి. ఒప్పుకోక తప్పని పరిస్థితి ఎవరైనా తెస్తుంటే బ్యారక్ మార్చమని జైలరును అడగండి. ములాఖత్‌లో ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోతే, జైలుకు వచ్చే న్యాయ సేవాధికార సంస్థ లాయరుకు చెప్పండి.

ఏదైనా జరిగితే: 72 గంటలు

బలవంతం జరిగింది. లేదా కొట్లాటలో ఇంకొకరి రక్తం మీ గాయంలోకో, కంట్లోకో పోయింది. లేదా వాడిన సూది గుచ్చుకుంది. అప్పుడు వేసుకునే మందును పెప్ అంటారు. హెచ్‌ఐవీ సోకే అవకాశాన్ని అది బాగా తగ్గిస్తుంది. 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే ఇంకా మంచిది. 28 రోజులు ఆపకుండా వాడాలి.

ముందుగా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగండి. పిండొద్దు, డెట్టాల్ పోయొద్దు. వెంటనే "డాక్టరు కావాలి, అర్జెంటు" అని చెప్పండి. వార్డరుకు వివరం చెప్పనక్కర్లేదు. జైలు డాక్టరు దగ్గర పెప్ లేకపోతే రుయాకో, జిల్లా ఆసుపత్రికో పంపాలి. పెప్ అన్న మాటే వాళ్ల ముందు వాడండి, దాంతో డాక్టరుకు విషయం తెలిసిపోతుంది. రాత్రి అయింది, ఎస్కార్ట్ లేదు, రేపు చూద్దాం అంటారు. మూడు రోజుల్లో ఒక రోజు అలా పోతుంది. ఎన్నింటికి అడిగారో గుర్తుపెట్టుకోండి, ఉదయాన్నే మళ్లీ అడగండి.

పెప్‌కు ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు. ఇది ముఖ్యం. ఎందుకంటే 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఐపీసీ 377 లాంటి సెక్షన్ లేదు. మగవాడి మీద మగవాడు చేసే అత్యాచారానికి విడిగా సెక్షనే లేకుండా పోయింది. కేసు ఏ సెక్షన్ కింద కట్టాలా అని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే, మీరు మందు కోసం ఆగొద్దు. కేసు తర్వాతైనా పెట్టొచ్చు.

ఆ ఘటన జరిగిన రోజు నుంచి 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు పరీక్షలు చేయించుకోవాలి.

కోర్టులో, లాయరు దగ్గర

కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆ లాయరుకో, సొంత లాయరుకో రోగం సంగతి చెప్పాక ఒక జాగ్రత్త తీసుకోమనండి. బెయిల్ పిటిషన్‌లో "ఈయన హెచ్‌ఐవీ పేషెంటు" అని టైపు చేసి దాఖలు చేస్తే, ఆ కాపీ పోలీసుకు పోతుంది, గుమాస్తా చదువుతాడు, సాయంత్రానికి ఊళ్లో తెలిసిపోతుంది. మెడికల్ కాగితాలు సీల్డ్ కవరులో ఇవ్వమనండి. పేరు బయటకు రాకుండా మారుపేరుతో విచారణ జరపమని 2017 హెచ్‌ఐవీ చట్టం 34వ సెక్షన్ కింద అడగొచ్చు. శిక్ష పడితే, మనిషిని ఏ జైలుకు పంపాలో నిర్ణయించేటప్పుడు అక్కడ వైద్యం దొరుకుతుందో లేదో కోర్టు చూడాలని అదే చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. నెల్లూరుకో, కడపకో పంపబోతున్నారంటే లాయరు ఆ మాట ఎత్తాలి. ఆడవాళ్లయితే కడప మహిళా జైలుకు పంపే అవకాశం ఉంటుంది. గర్భంతో ఉంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు వెంటనే చేయించాలి. తల్లి మందు వాడితే, బిడ్డకు పుట్టగానే సిరప్ ఇస్తే, బిడ్డకు సోకకుండా దాదాపు పూర్తిగా ఆపొచ్చు.

తిరుపతి లాడ్జీల్లో, బస్టాండు చుట్టుపక్కల పట్టుబడే ఆడవాళ్లకు ఒక మాట. బ్యాగులో కండోమ్ ఉందని భయపెడితే, అది నేరం కాదు. పైన చెప్పిన 22వ సెక్షనే ఇక్కడా మీకు అండ. కండోమ్ పారేసి పనికి వెళ్లడం మొదలుపెడితే పోలీసు ఏమీ నష్టపోడు.

విడుదల రోజు

బెయిల్ ఆర్డరు సాయంత్రం వస్తుంది. షూరిటీ కాగితాలు జైలుకు చేరేసరికి చీకటి పడుతుంది. మనిషి ఆ హడావిడిలో చొక్కా, చెప్పులు తీసుకుని బయటపడతాడు. మాత్రలు జైలు ఆసుపత్రి అలమరాలో ఉండిపోతాయి. ఇది చాలామందికి జరుగుతుంది. బెయిల్ పిటిషన్ వేసిన రోజే జైలు డాక్టరుకు చెప్పి, విడుదల అయితే చేతికి ఇవ్వమని మూడింటిని సిద్ధం చేయించుకోండి: మిగిలిన మాత్రలు, ఏఆర్‌టీ బుక్కు లేదా దాని నకలు, లోపల జరిగిన పరీక్షల రిపోర్టులు. ఇంట్లోవాళ్లు గేటు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో మిగిలిన డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లండి.

బయటికొచ్చిన వారంలోనే ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లండి. పేరు ఎక్కడుందో అక్కడికి కాకపోయినా ఫర్వాలేదు, దగ్గర్లో ఉన్నదానికి వెళ్లండి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడో అడగండి. లోపల మందు ఎన్నాళ్లు ఆగిందో దాచకుండా చెప్పండి. ఎందుకు ఆగిందని తిట్టే కౌన్సెలరు ఎదురైతే ఆ తిట్టు వినేసి మందు మాత్రం తీసుకుని రండి.

లోపల ఉన్న నెలల్లో ఏం జరిగిందో మీకే తెలుసు. కొత్తగా పరీక్ష చేయించుకుని ఫలితం వచ్చేదాకా, పాజిటివ్ అయితే వైరల్ లోడ్ తగ్గేదాకా, ఇంట్లో కూడా కండోమ్ వాడండి. ఇన్నాళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి కండోమ్ తీస్తే భార్యకు అనుమానం వస్తుందన్నది అందరి భయం. "జైల్లో చర్మం మీద ఏదో వచ్చింది, డాక్టరు మూడు నెలలు జాగ్రత్తగా ఉండమన్నాడు" అని మొదటి రాత్రి చెప్పి తప్పించుకోవచ్చు. అంతటితో ఆగిపోవద్దు. ఐసీటీసీలో ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే పని కౌన్సెలరు చేస్తారు. ఇంట్లో నోరు రాకపోతే అక్కడ చెప్పించండి. భార్యకు, అవసరమైతే పిల్లలకు కూడా పరీక్ష ఉచితమే.

మందు వాడేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు రూ.4,000 ఎన్టీఆర్ భరోసా పింఛను ఇస్తోంది. ఏఆర్‌టీ సెంటర్లోనే అడగండి.

కేసు నడుస్తున్నంతకాలం వాయిదాలకు ఎట్లాగూ చిత్తూరుకో, తిరుపతికో రావాలి. కూలి పోగొట్టుకుని ఒకసారి కోర్టుకు, ఇంకోసారి ఆసుపత్రికి తిరగలేక మందు మానేసేవాళ్లున్నారు. ఏఆర్‌టీ సెంటర్లో వాయిదా కాగితం చూపించి, "వచ్చే నెల ఈ తేదీకే నాక్కూడా మందు తేదీ వేయండి" అనండి. వేస్తారు. పొద్దున్నే ఆసుపత్రి, పదిన్నరకు కోర్టు.